ఊగే నేల

కిందటి వారం మనం వడ్రంగమ్మను హోటలు పెద్దహాల్లో, చెవి నేలకు ఆనించి, బోర్లా పడుకోబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆమె అలాగే ఉంది. ముందు ఆమెను లేపి కూర్చోబెట్టి, ఎందుకలా పడుకుందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

నది ఒడ్డున నూరేళ్లుగా నిలబడి, అందులో కడపటి ముప్పై ఏళ్లూ పావురాలకు తప్ప ఎవరికీ గది ఇవ్వని ఆ పాత హోటలును మళ్లీ బాగుచేస్తున్నారు. తలుపులు, కిటికీలు, మెట్ల పక్కన చేతిపట్టె, చెక్క అనేది ఎక్కడుంటే అక్కడ వడ్రంగమ్మదీ ఆమె నలుగురు మనుషులదీ పని. సొంత పేరు మీద ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని ఇది. అంతా సవ్యంగా సాగుతుండగా ఇంజనీరు పెద్దహాల్లో నాలుగడుగులు వేశాడు. కాళ్ల కింద టేకు నేల మెత్తగా ఊగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అంతే, నేల మొత్తం ఊడబీకి సిమెంటు పోసి రాతిపలకలు పరచాల్సిందేనని తేల్చేశాడు. ఆ నేల చెడిపోయి ఊగడం లేదని వడ్రంగమ్మ మనసు చెబుతోంది. మనసు చెప్పినదాన్ని కాగితం మీద ఎలా చూపిస్తుంది? ఒక్క పలక లేపి కింద చూద్దామంటే, ఒకదాంట్లో ఒకటి గాడి దిగి ఉన్న పలకలవి. ఒకటి తీయాలంటే మూడు పగలగొట్టాలి. అందుకే చెవి ఆనించి, వేలితో కొట్టి, శబ్దం వింటోంది. ఇంజనీరు పన్నెండు గంటల దాకా గడువిచ్చాడు. గడ్డపారలతో ఆరుగురు మనుషులు గుమ్మంలో కూర్చున్నారు. పదకొండు కొట్టేసరికి గేటు కాపలాదారు రొప్పుకుంటూ వచ్చి, “మేడం, మీ అత్తగారొచ్చారు” అన్నాడు.

వడ్రంగమ్మ గుండె గుభేలుమంది. గడ్డపారలను చూసినప్పుడు కూడా అంత గుభేలుమనలేదు.

పెళ్లయి ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లో అత్తగారు కోడలి పనిని ఒక్క మాట అనలేదు. మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. సాయంత్రం భోజనాల దగ్గర కోడలి జుట్టులోంచి చిత్రిక పొట్టు ఒక్కొక్కటే ఏరి, కంచం పక్కన వరసగా పెట్టేవారు. ఆ వరసను చూసినప్పుడల్లా వడ్రంగమ్మ అన్నం సగంలో వదిలి లేచేది. మిగతా అన్ని విషయాల్లోనూ అత్తగారి నోటికి తలుపూ లేదు, గడియా లేదు.

గేటు దగ్గర అత్తగారు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, కాపలాదారు ఇచ్చిన పసుపుపచ్చ హెల్మెట్ కనుబొమ్మల దాకా జారిపోతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

“ఏంటత్తయ్యా, ఇలా వచ్చారు? ఇంట్లో అంతా బాగానే ఉందా?”

“ఇంటికేమైంది, బాగానే ఉంది. పన్నెండు దాటితే నువ్వు ఏడుస్తావని మావాడు చెప్పాడు. అందుకని వచ్చాను.”

“నేనేడుస్తుంటే చూడ్డానికా?”

“ఏడవాల్సినంత ఏముందో చూడ్డానికి. పద.”

పద అంటూనే ఆవిడ ముందు నడిచారు. ఇనుప గొట్టాల పరంజా కిందుగా, సున్నపు బస్తాల పక్కగా, తాళంచెవుల గూళ్లున్న పాత బల్ల దాటి మెట్ల దగ్గరికి వచ్చారు. వడ్రంగమ్మ రెండు నెలలు కూర్చుని బాగుచేసిన చేతిపట్టె అక్కడే మొదలవుతుంది. అత్తగారు దాని మీద అరచెయ్యి వేసి, నిమురుకుంటూ నాలుగు మెట్లెక్కి, వంపు తిరిగే చోట ఆగారు.

“ఈ ముక్క కొత్తది కదూ?”

వడ్రంగమ్మ గబగబా పైకెక్కి ఆ వంపు దగ్గరికి వచ్చింది. ఆ అతుకు కనబడకూడదనే పదిహేను రోజులు పట్టించింది. ఇంజనీరు భూతద్దం పెట్టి వెతికి కూడా పట్టుకోలేకపోయాడు. “మీకెలా కనబడిందత్తయ్యా?”

“కంటికి కనబడలా. చేతికి తెలిసింది. పాతది ఇక్కడ కొంచెం పల్లంగా ఉండేది.”

“ఉండేదా?”

అత్తగారు మెట్లు దిగి, ఎడమ పక్క నడవలోకి మళ్లారు. పెద్దహాలుకు దారి అడగలేదు. అందరూ వెళ్లే జంట తలుపుల వైపు కూడా వెళ్లలేదు. నడవ చివర రంగు డబ్బాల వెనకున్న ఇరుకు తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. ఆ తలుపు హాల్లోకి తెరుచుకుంటుందని వడ్రంగమ్మకే పని మొదలైన మూడో వారానికి గానీ తెలియలేదు.

నది వైపు పొడుగాటి తలుపులన్నీ తెరిచి ఉండటంతో హాలంతా వెలుతురు. నీటి మీద ఎండ పడి, ఆ మెరుపు పెచ్చులూడిన కప్పు మీద కదులుతోంది. మధ్యలో ఇంజనీరు నేల వాలు చూసే రసమట్టం ముందు పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఇంతకు ముందు పనిచేసిన చోట ఎక్కడో మేడమెట్లు కూలి మాట పడ్డవాడు, అప్పటి నుంచీ ఊగేది ఏదైనా సరే, చూస్తే చెమట పట్టేస్తుంది.

“మేడం, పన్నెండు కాబోతోంది. ఇంకా లాగొద్దు. మనుషులు ఖాళీగా కూర్చున్నారు.”

“ఇంకా ముప్పావుగంట ఉంది సార్. ఈ నేల పుచ్చలేదు. పుచ్చిన చెక్క శబ్దం వేరు, ఇది వేరు. ఒక్కసారి నా మాట విని…”

“శబ్దం విని సంతకం ఎలా పెట్టమంటారు? ఇద్దరం నడిస్తేనే ఊగుతోంది. రేపు హోటలు తెరిచాక వంద మంది ఎక్కితే ఎవరిది బాధ్యత?”

“వందేంటి బాబూ, రెండొందల మంది ఎక్కేవాళ్లు” అంది ఒక గొంతు.

ఇద్దరూ తిరిగి చూశారు. అత్తగారు చెప్పులు గోడవార విడిచి, గొడుగు వాటి పక్కన పెట్టి, హెల్మెట్ తీసి గడ్డపార మేస్త్రి చేతిలో పెట్టారు. మేస్త్రి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ వట్టి కాళ్లతో హాలు మధ్యకు నడిచారు. మోకాలికి పట్టీ కట్టుకుని, మార్కెట్టుకు వెళ్లాలన్నా రెండు చోట్ల ఆగే మనిషి, అక్కడ నిలబడి కళ్లు మూసుకున్నారు. మడమలు కొంచెం ఎత్తి దించారు. నేల ఒక ఊపిరి తీసుకున్నట్టు వంగి లేచింది. ఇంకోసారి ఎత్తి దించారు. ఆవిడ మొహంలో ఒక నవ్వు వచ్చింది. అది ఇంట్లో ఎప్పుడూ కనబడని నవ్వు.

“అమ్మగారూ, అక్కడ నిలబడకండి, ప్రమాదం!” అని ఇంజనీరు కేకేశాడు. “ఊగుతోంది!”

“ఊగక? ఊగాలనే కదా కట్టారు! రాతి మీద రెండు గంటలు ఆడి చూడు, నీ మోకాళ్లు నీకే శాపాలు పెడతాయి. దీని మీద సాయంత్రమంతా ఆడినా కాళ్లకు తెలిసేది కాదు. ఇలాంటి నేలను ఊడబీకుతానంటావేంటయ్యా, చదువుకున్నవాడివి?”

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. “మీరు చెప్పేది నిజమే కావచ్చమ్మా. కానీ కింద ఏముందో చూడకుండా…”

“చూడొద్దని ఎవరన్నారు? వెళ్లి చూడు. తలుపుందిగా.”

“ఏ తలుపు?”

“వాయిద్యాలవాళ్లు కూర్చునే వేదిక కింద.”

వడ్రంగమ్మ ఆ వేదిక దగ్గరికి ఒక్క గంతు వేసింది. దాని చుట్టూ రంగువాళ్ల డబ్బాలు, చింకి గుడ్డలు, విరిగిన కుర్చీలు నిండి ఉన్నాయి. గడ్డపారవాళ్లు చూస్తూ కూర్చోలేక లేచి తలా ఒక చెయ్యి వేశారు. పది నిమిషాల్లో వేదిక పక్కభాగం బయటపడింది. మిగతా పలకల్లాగే ఉన్న ఒక పలక మీద, బొటనవేలు పట్టేంత చిన్న గుంట. వడ్రంగమ్మ దాంట్లో వేలు పెట్టి లాగింది. కదలలేదు.

“పైకి కాదమ్మాయ్, పక్కకు” అన్నారు అత్తగారు.

పక్కకు తోసింది. తలుపు కిర్రుమంటూ గోడలోకి జరిగిపోయింది. లోపల నడుం లోతు ఖాళీ. నది వైపు ఇనుప జాలీల్లోంచి గాలి తగులుతోంది. పొడిగాలి. వడ్రంగమ్మ ఆ గాలిని ముక్కు నిండా పీల్చింది. పుచ్చు వాసన లేదు, బూజు వాసన లేదు, పాత టేకు వాసన తప్ప. ఆమె తలదూర్చబోతుంటే ఇంజనీరు భుజం పట్టి ఆపాడు. “ఆగండి. సంతకం నాది. నేనే చూస్తాను.” టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పాక్కుంటూ లోపలికి వెళ్లాడు. వెనకే వడ్రంగమ్మ కూడా దూరింది. ఆమెను ఆపడం ఎవరి తరం?

పైన ఆరుగురు గడ్డపారవాళ్లూ, చప్పుడు విని వచ్చిన రంగువాళ్లూ, గొట్టాలవాళ్లూ వేదిక చుట్టూ మూగారు. చివరికి ముందు ఇంజనీరు బూట్లు, తర్వాత ఇంజనీరు బయటికొచ్చారు. తల నిండా సాలెగూడు. మొహం మాత్రం కొత్త బొమ్మ చూసిన పసివాడి మొహంలా ఉంది.

“మూడు వరసలు! ఒకదాని మీద ఒకటి అడ్డంగా, మూడు వరసల చెక్క పట్టీలు! కింది వరస ఆనిన చోట పై వరస ఆనలేదు, మార్చి మార్చి వేశారు. ఆనిన ప్రతిచోటా తోలు ముక్క. బరువు పడితే వంగి, తీస్తే లేవాలని లెక్క కట్టి చేశారు!”

“అదే కదా నేను వారం నుంచీ మొత్తుకుంటున్నది!” అంటూ వడ్రంగమ్మ మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చింది. కళ్లలో నీళ్లు, బుగ్గ మీద మసి. “నది మూల నాలుగు పట్టీలు తడిసి పాడైనాయి సార్. నాలుగే. ఆ నాలుగూ నేను వారంలో మార్చేస్తాను.”

ఇంజనీరు సాలెగూడు దులుపుకోవడం కూడా మరిచిపోయి అత్తగారి వైపు తిరిగాడు. “అమ్మగారూ, ఈ తలుపు సంగతి పాత నక్షాల్లో కూడా లేదు. మీకెలా తెలుసు?”

“నాలుగేళ్లు ఇక్కడ ఉద్యోగం చేశాను. మేనేజరు కంట పడకుండా ఆ తలుపు వెనక కూర్చునే వేరుశెనక్కాయలు తినేవాళ్లం.”

వడ్రంగమ్మకు ఆ ఉద్యోగం సంగతి చూచాయగా తెలుసు. పెళ్లికి ముందు అత్తగారు ఏదో హోటల్లో దుప్పట్ల గది చూసుకునేవారని మామగారు రెండు మూడుసార్లు చెప్పారు. గడియారాలు బాగుచేసే ఆయనకు రోజుకు పది మాటలకు మించి మాట్లాడే అలవాటు లేదు కాబట్టి, ఆయన చెప్పినవి ఎవరికైనా గుర్తుండిపోతాయి. “అయితే ఆ దుప్పట్ల గది ఈ హోటల్లోనేనా అత్తయ్యా?”

అత్తగారు ఒక్క క్షణం నది వైపు చూశారు.

“దుప్పట్లూ లేవు, దిండ్లూ లేవు. హోటల్లో దిగినవాళ్లకు ఈ హాల్లో డాన్సు నేర్పేదాన్ని.”

గడ్డపార మేస్త్రి చేతిలోంచి హెల్మెట్ కిందపడి, దొర్లుకుంటూ వెళ్లి, తలుపుకు తగిలి ఆగింది. ఎవ్వరూ దాన్ని తియ్యలేదు. వడ్రంగమ్మ అత్తగారి కాళ్ల వైపు చూసింది. “డాన్సా? మీరా?”

“ఏం, నాకు కాళ్లు లేవా?”

ముందు రంగువాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత వడ్రంగమ్మ నవ్వింది. తర్వాత ఆగడం ఎవరి వల్లా కాలేదు.

అయినా ఇంజనీరు ఇంజనీరే. నవ్వు తుడుచుకుని, “కింద బాగుందని ఒప్పుకుంటున్నాను. కానీ బరువు పెట్టి చూడకుండా కాగితం మార్చలేను. ముప్పై మందైనా ఒక్కసారి ఎక్కాలి. నేను ఆ తలుపు దగ్గర కొలకర్ర పెట్టి చూస్తాను. ఎంత వంగుతుందో అంతా వెనక్కి రావాలి. వెంట్రుకవాసి తగ్గినా రాతిపలకలే” అన్నాడు.

“నిలబడితే ఏం తెలుస్తుంది? ఆడాలి” అన్నారు అత్తగారు.

“వీళ్లకు రావాలి కదమ్మా!”

“నేనెందుకున్నాను?”

కబురు హోటలంతా పాకింది. పై అంతస్తు నుంచి అద్దాలవాళ్లు, పడవరేవు నుంచి రాళ్లు పేర్చేవాళ్లు, వంటగది గోడకు పలకలు అతికించే అక్కాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. లెక్కపెడితే ముప్పై నాలుగు. అత్తగారు వాళ్లను జంటలు చేసి రెండు వరసల్లో నిలబెట్టారు. నది మూల నాలుగు పలకల మీద కాలు పెట్టొద్దని వడ్రంగమ్మ సుద్దముక్కతో గీత గీసింది. ఇద్దరు రంగువాళ్లు ఖాళీ డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు.

“ఒకటి, రెండు, మూడు. ఒకటి పెద్ద అడుగు, రెండూ మూడూ చిన్నవి. నేల మిమ్మల్ని ఎత్తుతుంది, మీరు భయపడి బిగుసుకోకండి. ఏమయ్యా మేస్త్రీ, నీకే చెబుతున్నా! ఆవిడేమన్నా గడ్డపారా అలా పట్టుకున్నావు? వేళ్లు వదులు చెయ్యి.”

డబ్బాలు మోగాయి. మొదట అందరూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. ఎవరో కెవ్వుమన్నారు, ఎవరో ఒకటి మీద రెండు వేశారు. అత్తగారు వరసల మధ్య నడుస్తూ ఒకరి మోచెయ్యి పైకెత్తారు, ఒకరి భుజం కిందికి నొక్కారు, తాళం తప్పిన డబ్బావాడికి చూపుడువేలు చూపించారు. నాలుగో చుట్టుకు అడుగులు కలిశాయి. కలిసీ కలవగానే నేల అందుకుంది. ముప్పై రెండు జతల కాళ్లు దిగుతుంటే మెత్తగా ఒంగి, లేచేటప్పుడు అందరినీ ఒక్కసారే పైకి పంపింది. ఎత్తుబడిన ప్రతివాళ్ల మొహంలోనూ ఆశ్చర్యం. వంటగది అక్కాచెల్లెళ్లు పకపకా నవ్వారు. గడ్డపార మేస్త్రి, అంత బరువైన మనిషి, వేళ్ల కొసల మీద తేలుతున్నాడు. కిటికీ అద్దాలు గలగలమంటుంటే అదీ తాళంలో కలిసిపోయింది.

అత్తగారు చెయ్యి చాపారు. “రా.”

“నాకు రాదత్తయ్యా.”

“చేతిపట్టె అతుకు కనబడకుండా పెట్టినదానివి, నీకు అడుగు కలపడం రాదా?”

ఆ ఒక్క మాటకు వడ్రంగమ్మ ఆరు నెలల బరువు దిగిపోయింది. కంచం పక్కన వరస పెట్టిన పొట్టంతా గాలికి ఎగిరిపోయినట్టనిపించింది. ఆమె చెయ్యి అందుకుంది. అత్తగారి అరచెయ్యి వెచ్చగా, పట్టు ఎంతో తేలిగ్గా ఉంది. ఎటు తిరగాలో ఆ చెయ్యే చెబుతోంది. రెండు చుట్లు తిరిగారో లేదో, వేదిక దగ్గర నుంచి ఇంజనీరు కేక వినబడింది.

“తిరిగొచ్చింది! వంగిందంతా తిరిగొచ్చింది! ఇక ఆపొచ్చు!”

ఎవరూ ఆపలేదు. ఆయన జేబులోంచి కాగితం తీసి, రాతిపలకలు అన్న మాటను అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టి, వడ్రంగమ్మ కనబడేలా పైకెత్తి ఊపాడు. తర్వాత కొలకర్ర గోడకు ఆనించి తనూ వరసలో దూరాడు.

పన్నెండున్నరకు అందరూ చెమటలు తుడుచుకుంటూ పనుల్లోకి వెళ్లారు. అత్తాకోడళ్లిద్దరూ నది వైపు వరండాలో, ఇంకా పాలిషు పెట్టని బెంచీ మీద కూలబడ్డారు. అత్తగారు మోకాలి పట్టీ సర్దుకుంటుంటే వడ్రంగమ్మ మంచినీళ్ల సీసా అందించింది.

“తినేవాళ్లం అన్నారు” అంది మెల్లగా. “వేరుశెనక్కాయలు. మీరూ, ఇంకెవరు?”

అత్తగారు రెండు గుక్కలు తాగారు. “నీకు కావాల్సిన మాటలు మాత్రం చెవిలో బాగా పడతాయి. నేర్పడానికి ఇద్దరం ఉండేవాళ్లం. ఆడవాళ్లకు అతను, మగవాళ్లకు నేను. పొడుగు మాస్టారు అనేవాళ్లు అందరూ. జంటగా ఆడి చూపించాలంటే ఇద్దరం కలిసి ఆడేవాళ్లం. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా కాలు తొక్కలేదు.”

“మరి ఆ దుప్పట్ల కథేంటి?”

“నా చేతిగడియారం ఆగిపోతే మీ మామగారి దగ్గరికి తీసుకెళ్లాను. తల ఎత్తకుండా, అంత నెమ్మదిగా పని చేసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. బాగున్న గడియారాన్ని కూడా రెండుసార్లు పట్టుకెళ్లాను. ఏం ఉద్యోగమని అడిగారు. ఎవరెవరి చేతులో పట్టుకుని తిరిగే పని అంటే ఏమనుకుంటారోనని భయమేసి, దుప్పట్లు చూస్తానని అనేశాను. ఒకసారి అన్నాక, కాదని చెప్పడానికి మంచి రోజే దొరకలేదు.”

“మరి పొడుగు మాస్టారు?”

అత్తగారి చూపు నీళ్ల మీదికి పోయింది. “పెళ్లికి రెండు రోజుల ముందు, ఆట మధ్యలో నన్నొక మాట అడిగాడు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు నేను పనికి రాలేదు. ఆ తర్వాత ఈ గుమ్మం ఎక్కడం ఇదే.”

“ఏం అడిగారత్తయ్యా?”

“ఇంట్లో ఈ సంగతి ఎత్తకు. నలభై మూడేళ్లుగా మీ మామగారు దుప్పట్లే నమ్ముతున్నారు.”

“నమ్మినట్టు ఉంటున్నాను” అంది వెనక నుంచి ఒక నెమ్మదైన గొంతు.

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. వరండా చివర, రేవు మెట్లు పైకి వచ్చే చోట మామగారు నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది. తల తడిపి దువ్వుకున్నారు. ఆయన మొహంలో కోపం లేదు సరికదా, చాలా కాలం పట్టిన రిపేరు పూర్తయినప్పుడు కనబడే తృప్తి ఉంది.

“మీరా? ఎలా వచ్చారు?” అన్నారు అత్తగారు లేవబోయి, లేవలేక.

“పడవలో. ఒక్కణ్నే రాలేదు.” ఆయన వేలితో కింద రేవు వైపు చూపించారు. “అతన్ని వెతికి పట్టుకోవడానికి ఏడాది పట్టింది. రేవు దాకా వచ్చాడు, పైకి మాత్రం రానంటున్నాడు. రేపు చెప్తానన్నావట కదా. ఆ జవాబు నువ్వే కిందికొచ్చి చెప్పాలట.”

పది మాటల మామగారు ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం వడ్రంగమ్మ ఎన్నడూ వినలేదు. ఆమె మెట్ల వైపు తొంగిచూసింది. రేవులో పడవ మెల్లగా ఊగుతోంది. అందులో నెరిసిన తల ఉన్న మనిషి ఒకడు, కూర్చుని కూడా పడవవాడి భుజం కన్నా ఎత్తుగా, వీపు నిటారుగా పెట్టుకుని, ఇటు చూడకుండా నది వైపే చూస్తున్నాడు.

ఆమె తిరిగి అత్తగారి వైపు చూసింది. అత్తగారు సీసా బెంచీ మీద పెట్టారు. కోడలి చెయ్యి వెతికి పట్టుకుని, మెల్లగా లేచి నిలబడ్డారు.